హౌస్‌సర్జన్ జైలుకెళ్తే ఏం చేస్తారు? జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి చూద్దాం

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక చెల్లి పంపిన మెసేజ్. "అన్నా, నేను ఎంబీబీఎస్ చదువుతున్నా. ఇంటర్న్‌షిప్‌లో ఊళ్ళల్లో డ్యూటీ ఉంటుందని తెలుసు. జైల్లో మెడికల్ క్యాంపుకి కూడా పంపొచ్చు అంటున్నరు సీనియర్లు. అమ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు. అక్కడ నిజంగా పని ఏం ఉంటది?" అని అడిగింది. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి కొన్నేళ్ళు కోడ్ రాసుకున్నవాణ్ణి. సో ఇది వైద్య సలహా కాదు. ఆ సిస్టమ్ ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ తెగుతుంది అన్నది మాత్రం చెప్తా. అది నాకు అలవాటైన పని.

మొదట బేసిక్స్. ఎంబీబీఎస్ అంటే నాలుగున్నర ఏళ్ళ చదువు, ఆ తర్వాత ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. దాన్నే మనోళ్ళు హౌస్‌సర్జన్సీ అంటారు. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబర్‌లో దీనికి రూల్స్ ఇచ్చింది. ఆ ఏడాదిలో మెడిసిన్‌కి 6 వారాలు, సర్జరీకి 6, గైనిక్‌కి 7, సైకియాట్రీకి 2. అన్నిటికంటే ఎక్కువ దేనికో తెలుసా? కమ్యూనిటీ మెడిసిన్‌కి, 12 వారాలు. అంటే ఏడాదిలో దాదాపు నాలుగో వంతు. చాలామంది స్టూడెంట్స్ ఈ 12 వారాలని "పీజీ ఎంట్రన్స్ చదువుకునే టైమ్" అనుకుంటారు. సైన్ చేసి వచ్చేయడం, రూమ్‌లో ఎంసీక్యూలు చేసుకోవడం. నా లెక్కలో ఆ ఏడాదిలో పోగొట్టుకోకూడని 12 వారాలు ఇవే. ఎందుకో ఎపిసోడ్ అయ్యేలోపు మీకే అర్థమవుతుంది.

అన్నట్టు, డబ్బులెంత అని ఎలాగూ అడుగుతారు కాబట్టి అది కూడా చెప్పేస్తా. తెలంగాణలో ఇంటర్న్ స్టైపెండ్ 2025లో 15 శాతం పెంచాక నెలకు 29,792 రూపాయలు.

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాని ముక్కలు చేసినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. అప్పటిదాకా ఈ మూడు చోట్ల ఎవరికి సీరియస్ అయినా దారి ఒక్కటే, వరంగల్ ఎంజీఎం. 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలే ఈ ఊళ్ళన్నిటికీ హౌస్‌సర్జన్లు. ఆ తర్వాత 2022 నవంబర్‌లో మానుకోటకి, అంటే మహబూబాబాద్‌కి, సొంత ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో జనగామకి, భూపాలపల్లికి వచ్చాయి. నాలుగున్నర ఏళ్ళు లెక్కేస్తే, మానుకోట మొదటి బ్యాచ్ హౌస్‌సర్జన్సీకి వచ్చేది 2027లో, మిగతా రెండూ 2028లో. అంటే ఈ మూడు జిల్లాల ఊళ్ళల్లో, జైళ్ళల్లో ఇంటర్న్ ఏం చేయాలి అన్న అలవాటు ఇప్పుడే తయారవుతోంది. మొదటి బ్యాచ్ ఎట్లా చేస్తే తర్వాతి వాళ్ళు దాన్నే కాపీ కొడతారు. మన కంపెనీల్లో కూడా అంతే కదా, ఎవరో మొదట రాసిన కోడ్‌నే పదేళ్ళు లాగుతాం.

ఊరి డ్యూటీ మీకు చాలావరకు తెలిసిందే, అందుకే తొందరగా చెప్తా. పీహెచ్‌సీ, దాని కింద సబ్‌సెంటర్లు లేదా పల్లె దవాఖానలు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్త. 30 దాటినవాళ్ళకి బీపీ, షుగర్ చూడటం, గర్భిణుల చెకప్, పిల్లల టీకాలు, రెండు వారాలకు మించి దగ్గున్నవాళ్ళ తెమడ టెస్టుకి పంపడం. మానుకోట వైపు అయితే తండాలు, గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు ఏజెన్సీ ఊళ్ళు. భూపాలపల్లి అంటే సింగరేణి గనులు, చెల్పూరు థర్మల్ ప్లాంట్, మహదేవ్‌పూర్ వైపు గోదావరి ఒడ్డు ఊళ్ళు. ఇంటర్న్‌కి ఇక్కడ నేర్పే అసలు టీచర్ ఆశ అక్క. ఏ ఇంట్లో ఎవరు మందులు మానేశారు, ఎవరి భర్త తాగి పడుకున్నాడు, ఎవరు పనికోసం హైదరాబాద్ పోయారు, అన్నీ ఆమె నోటి మీద ఉంటాయి. ఆ లిస్టులో ఒక మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది, "ఆయన జైల్ల ఉన్నడు సార్" అని. మామూలుగా అక్కడ ఆ పేరు పక్కన ఒక గీత పడుతుంది. అక్కడితో ఆ మనిషి ఊరి ఆరోగ్య లెక్కలోంచి మాయం.

కథ మొదలయ్యేది అక్కడే. ఆ మనిషి ఎక్కడికి పోయాడు?

జైలు గేటు కంటే ముందు ఇంకో గేటు ఉంది, అదే మన ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీ. పోలీసులు ఎవర్నైనా అరెస్ట్ చేస్తే డాక్టర్ పరీక్ష చేయాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 53 ఇదే చెప్తుంది. గాయాలు ఉంటే, అవి ఎప్పుడు అయి ఉంటాయో రాయాలి. ఆడవాళ్ళయితే లేడీ డాక్టరే చూడాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: ఆ రిపోర్ట్ కాపీ అరెస్టయిన మనిషికి గానీ, ఆయన చెప్పినవాళ్ళకి గానీ ఇవ్వాలి. ఇంతకుముందే 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు, కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకి ఒకసారి డాక్టర్ చూడాలని కూడా చెప్పింది.

ఇప్పుడు సీన్ ఊహించుకోండి. రాత్రి పదకొండున్నర, క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసు, పాము కరిచిన కేసు, మధ్యలో ఒక కానిస్టేబుల్ ఒకతన్ని తీసుకొచ్చి "సార్, రిమాండ్‌కి, తొందరగా ఒక సర్టిఫికెట్" అంటాడు. సంతకం డ్యూటీ మెడికల్ ఆఫీసర్‌దే. ఇంటర్న్‌కి ఉండేది ప్రొవిజనల్ రిజిస్ట్రేషనే. కానీ బీపీ చూసేది, చొక్కా విప్పించి వీపు చూసేది, కాగితం మీద మొదట రాసేది చాలాసార్లు ఇంటర్నే. చొక్కా విప్పించకుండా "నో ఎక్స్‌టర్నల్ ఇంజురీస్" అని రాయడానికి అర నిమిషం చాలు. విప్పించి చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. రేపు ఆ మనిషికి ఏమైనా అయితే కోర్టు తెరిచి చూసేది ఆ కాగితాన్నే. ఆ ఐదు నిమిషాల్లో కానిస్టేబుల్‌ని రెండడుగులు అవతల నిలబడమని అడగడం, "మీరు రోజూ ఏ మందులు వాడతారు, రోజూ తాగుతారా, చివరిసారి ఎప్పుడు తాగారు" అని అడగడం, ఇవి రాస్తే అవతల జైలు డాక్టర్‌కి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

తాగుతారా అని ఎందుకు అడగాలి? ఇది కొంచెం డీప్‌గా చెప్తా, ఎందుకంటే ఇది మన ఏరియా సమస్య. మానుకోట, భూపాలపల్లి వైపు గుడుంబా సంగతి మీకు కొత్త కాదు. నల్లబెల్లం, పటిక పట్టుకున్నారనే వార్త ఎన్నిసార్లు చూసుంటారు! రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది? మొదటి కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య అసలు ప్రమాదం. మనిషి అయోమయంగా మాట్లాడతాడు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండె దడ. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, సరైన వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. ఇప్పుడు క్యాలెండర్ పెట్టి చూడండి. సోమవారం అరెస్ట్, మంగళవారం మేజిస్ట్రేట్ ముందు, అక్కడి నుంచి జైలు. బుధ, గురువారాలు అంటే సరిగ్గా ప్రమాదం వచ్చే రోజులు, ఆ మనిషి ఎవరూ తెలియని బ్యారక్‌లో ఉంటాడు. అర్ధరాత్రి లేచి అరుస్తాడు, గోడకేసి కొట్టుకుంటాడు. తెలియనివాళ్ళు "నాటకాలాడుతున్నడు" అంటారు, లేదా "పిచ్చోడు" అంటారు. తెలిసినవాళ్ళు సెలైన్, బీ1 విటమిన్, మత్తు మందు డోస్ మెల్లగా తగ్గించుకుంటూ పోతారు. మనిషి బతుకుతాడు. తేడా అంతా సోమవారం రాత్రి ఎవరో ఒకరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

కల్లు సంగతి ఇంకా చిత్రం. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మాత్రల పొడి, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. అలాంటి కల్లు ఆగితే వచ్చేది మాత్రల విత్‌డ్రాయల్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎట్లా వచ్చారో గుర్తుందా? ఊరంతా ఒకేసారి ఆపేస్తే అలా బయటపడింది. జైల్లో ఇది మనిషి మనిషికీ విడివిడిగా జరుగుతుంది కాబట్టి వార్త కాదు. అందుకే "తాగుతావా" అంటే సరిపోదు, "కల్లా, గుడుంబానా, బ్రాందీనా, రోజుకెంత" అని అడగాలి. ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌లో ఈ ప్రశ్న ఉండదు. ఆశ అక్కతో 12 వారాలు తిరిగిన ఇంటర్న్‌కి మాత్రం వస్తుంది. ఊరి డ్యూటీకి, జైలు డ్యూటీకి లింక్ అంటే ఇదే అన్నమాట.

ఇక జైలు గేటు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్, అవును, నూట ముప్ఫై ఏళ్ళ చట్టం, దాంట్లోనే ఉంది: లోపలికి వచ్చిన ప్రతి ఖైదీని వీలైనంత తొందరగా వైద్యపరీక్ష చేయాలి, ఒంటి మీద గాయాలు, గుర్తులు, ఆరోగ్యం ఎట్లా ఉందో పుస్తకంలో రాయాలి. ఖైదీ డాక్టర్‌ని చూడాలి అంటే ఆలస్యం చేయకుండా పైకి చెప్పాలి. కాగితం మీద బ్రిటిష్‌వాడి కాలం నుంచీ అంతా బాగానే ఉంది. మనుషుల సంఖ్య దగ్గరే వస్తుంది చిక్కు. 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం 300 మంది ఖైదీలకి ఒక డాక్టర్ ఉండాలి. చిన్న జైళ్ళకి రోజంతా ఉండే డాక్టర్ దొరకడమే కష్టం. అందుకే క్యాంపులు, అందుకే ఇంటర్న్‌లు. ఒక టేబుల్, బీపీ మెషిన్, గ్లూకోమీటర్, తెమడ డబ్బాలు, గజ్జికి పర్మెత్రిన్ క్రీమ్. క్యూ మాత్రం పెద్దదే.

ఆ క్యూలో దగ్గేవాడి దగ్గర ఆగుదాం. టీబీ. గాలి ఆడని గది, కిక్కిరిసిన మనుషులు, ఒకరు దగ్గితే పదిమంది పీల్చాలి. ప్రపంచంలో ఎక్కడైనా బయటకంటే జైల్లో టీబీ ఎన్నో రెట్లు ఎక్కువ. నెల్సన్ మండేలాకి కూడా 1988లో జైల్లో ఉండగానే టీబీ వచ్చింది. అందుకే కాబోలు, ఖైదీల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 2015లో తెచ్చిన నియమాలకి ఆయన పేరే పెట్టారు అని చదివినప్పుడు నాకు కరెక్టే అనిపించింది. ఆ మండేలా రూల్స్‌లో 24వ నియమం రెండు మాటలు చెప్తుంది. బయట జనానికి దొరికే స్థాయి వైద్యమే లోపల కూడా ఉచితంగా దొరకాలి. రెండోది, టీబీ, హెచ్ఐవీ, మత్తు అలవాటు లాంటి వాటికి చికిత్స మధ్యలో తెగకూడదు.

ఈ రెండో మాటే కష్టం. మందులకి పడిన టీబీ అయితే చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. మందులు ఫ్రీ. పోషకాహారానికి నెలకి 2018 నుంచి 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలు బ్యాంక్ అకౌంట్‌లో పడతాయి. ప్రతి పేషెంట్‌కి నిక్షయ్ పోర్టల్‌లో ఒక ఐడీ ఉంటుంది. ఇంతవరకు డిజైన్ బాగుంది, నేను ఇంజినీర్‌గా మెచ్చుకుంటా. కానీ జైల్లో ఉండేవాళ్ళలో ఎక్కువమంది శిక్ష పడినవాళ్ళు కాదు. దేశంలో 2022 చివరికి 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. వీళ్ళకి బెయిల్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మూడో నెలలో ఒక సాయంత్రం ఆర్డర్ వస్తుంది, గేటు తెరుస్తారు, మనిషి సంచి పట్టుకుని బస్టాండ్‌కి పరిగెత్తుతాడు. మాత్రలు? జైలు ఆసుపత్రి అల్మారాలో. నిక్షయ్‌లో ట్రాన్స్‌ఫర్ చేసే ఆప్షన్ ఉంది, కానీ బటన్ నొక్కే మనిషికి విడుదల సంగతి తెలియాలి కదా. ఊళ్ళో ఆశ అక్క రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన ఇంకా గీతే ఉంది. నెల రోజులు బాగానే ఉంటాడు, దగ్గు తగ్గింది కాబట్టి. తర్వాత మళ్ళీ మొదలవుతుంది. ఈసారి మందులకి లొంగని టీబీ కావచ్చు. ఇంట్లో ముసలమ్మ ఉంటుంది, చిన్నపిల్లలు ఉంటారు.

సో ఇంటర్న్ చేయగలిగింది ఏంటి? పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు. చికిత్స మొదలుపెట్టిన రోజే ఆ మనిషి నిజంగా ఉండే ఊరు అడిగి రాయడం. ఆధార్‌లో ఊరు ఒకటి ఉంటుంది, బతికే తండా ఇంకోటి ఉంటుంది. ఇంట్లో ఎవరిదో ఒక ఫోన్ నంబర్. నిక్షయ్ ఐడీ ఒక చీటీ మీద రాసి, ఆయన చేతికి ఇవ్వొచ్చా అని జైలు అధికారిని అడిగి ఇవ్వడం. కోర్టు వాయిదాకి వెళ్ళే రోజు కొన్ని రోజుల మాత్రలు వెంట ఉండేలా మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడటం. ఆ ఊరి పీహెచ్‌సీకి ఒక ఫోన్. ఆ పీహెచ్‌సీలో పోయిన నెల డ్యూటీ చేసింది తనే అయితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలుసు. జైలు డాక్టర్‌కి ఊరు తెలియదు, ఊరి ఏఎన్ఎంకి జైలు తెలియదు. రెండు చోట్లా కూర్చున్నది ఆ ఇరవై మూడేళ్ళ ఇంటర్న్ ఒక్కరే.

ఇక్కడ దూరం గురించి కూడా చెప్పాలి. వరంగల్ సెంట్రల్ జైలు గుర్తుందా? నిజాం కాలంలో, 1880ల్లో కట్టింది, ఎంజీఎం దగ్గర్లోనే. 2021 జూన్‌లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కోసం దాన్ని కూల్చేశారు. లోపలున్న ఖైదీలని చర్లపల్లి, ఖమ్మం లాంటి వేరే జైళ్ళకి మార్చారు. కొత్త జైలుకి మామునూరు దగ్గర స్థలం ఇచ్చారు. జైలు తీసి ఆసుపత్రి కట్టడం వినడానికి బాగుంటుంది, నాకూ ఆసుపత్రి మీద అభ్యంతరం లేదు. కానీ భూపాలపల్లిలో రైల్వే స్టేషన్ లేదు. ఒక ఇంటాయన చర్లపల్లిలో ఉంటే, ఆయన భార్య బస్సెక్కి హనుమకొండ, అక్కడి నుంచి మళ్ళీ హైదరాబాద్. ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు వేరే. పాత ప్రిస్క్రిప్షన్, షుగర్ రిపోర్ట్ తెచ్చి ఇచ్చే మనిషే రాలేకపోతే, లోపల డాక్టర్ మొదటి నుంచి మొదలుపెట్టాలి. డేటా మైగ్రేషన్ చేసి పాత రికార్డులు తేకపోవడం అంటామే, అదే ఇది. మనుషులతో.

తల్లుల విషయం కూడా ఒక మాట. జైలుకెళ్ళిన తల్లితో ఆరేళ్ళ లోపు బిడ్డ ఉండొచ్చు. దీని మీద 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉంది, ఆర్‌డీ ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఏపీ. ఆ బిడ్డకి తొమ్మిది నెలల టీకా పడిందా లేదా అన్నది ఎక్కడుంది? ఊళ్ళో, దూలానికి వేలాడే సంచిలో, తల్లీబిడ్డల కార్డులో. ఆ కార్డు ఫొటో ఒకటి ఏఎన్ఎం నుంచి తెప్పించుకుంటే చాలు. అది కూడా ఇంటర్న్ పనే.

మనసు సంగతి చిన్నగా తీసేయకండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం జైళ్ళల్లో పనిచేసే మెడికల్ ఆఫీసర్లందరికీ ప్రాథమిక మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలి. కొత్తగా లోపలికి వచ్చిన మొదటి రోజులు, బెయిల్ కొట్టేసిన రోజు, ఇంటినుంచి ఎవరూ రాని వారం, ఇవి జాగ్రత్తగా చూడాల్సిన టైమ్‌లు. "నిద్ర పడుతుందా, బతకాలని అనిపిస్తోందా" అని సూటిగా అడిగితే మనిషికి చచ్చిపోవాలనే ఆలోచన కొత్తగా పుట్టదు. అడగకపోతేనే మనకి తెలియకుండా పోతుంది. ఇది వింటున్న మీలో ఎవరికైనా, ఇంట్లోవాళ్ళు జైల్లో ఉండి మనసు బాగోలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

"అన్నా, తప్పు చేసినోడికి ఇంత సేవ ఎందుకు" అని కొందరు అడుగుతారు. ఒకటి, పైన లెక్క చూశారు, ఎక్కువమంది తప్పు ఇంకా తేలనేలేదు. రెండు, శిక్ష అంటే స్వేచ్ఛ తీసేయడం, దగ్గు మందు తీసేయడం కాదు. మన జనగామ జిల్లా చినపెండ్యాలలో పుట్టిన కవి వరవరరావు సంగతి తెలుసు కదా. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, కేసు కోర్టు చూసుకుంటుంది. కానీ దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో 2020 జులైలో, ముంబై దగ్గర తలోజా జైల్లో విచారణ ఖైదీగా ఉండగా ఆయనకి కోవిడ్ వచ్చింది. వైద్యం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరోగ్యం చూసి ఆరు నెలల బెయిల్ ఇచ్చింది, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని పర్మనెంట్ చేసింది. దేశమంతా పేరున్న మనిషి, పెద్ద లాయర్లు ఉన్న మనిషి. గుడుంబా కేసులో పోయిన ఒక తండా కూలీకి ఏ లాయర్ ఏ హైకోర్టుకి పోతాడు? ఆయన తరఫున రాసేది ఆ రిజిస్టర్‌లో డాక్టర్ రాసిన నాలుగు లైన్లే.

చెల్లీ, ఇక నీ అమ్మగారి భయం గురించి. క్యాంపుకి ఒంటరిగా పంపరు. సీనియర్ డాక్టర్లు, జైలు సిబ్బంది ఉంటారు. ఫోన్ గేటు దగ్గరే పెట్టేయాలి, ఫొటోలు, రీల్స్ అసలే వద్దు, అది పేషెంట్ ప్రైవసీ కూడా. ఎవరైనా చీటీ ఇచ్చి "ఇది మా ఇంటికి ఇవ్వు మేడం" అంటే తీసుకోకు, మర్యాదగా కాదని చెప్పి అధికారికి చెప్పమను. "ఏం కేసు నీది" అని అడగకు. వైద్యానికి అది అక్కర్లేదు, తెలిస్తే నీ చూపు మారుతుంది. పేషెంట్ మాట్లాడేటప్పుడు సెక్యూరిటీవాళ్ళు కనిపించే దూరంలో ఉండాలి, వినిపించే దూరంలో కాదు. కనీసం అడిగి చూడు. తెమడ టెస్ట్‌కి పంపే చోట ఎన్95 పెట్టుకో. "అమ్మా, అక్కా, బాబాయ్" అని పిలువు, నంబర్‌తో కాదు. గాయం కనిపిస్తే సైజు, రంగు, చోటు రాయి, "ఎవరో కొట్టారు" అని నువ్వు తీర్పు రాయకు, ఆయన ఏం చెప్పాడో ఆయన మాటగా రాయి. మీ డ్యూటీ డాక్టర్‌కి అదే రోజు చూపించు.

ఇంట్లో ఎవరైనా జైల్లో ఉన్నవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, ములాఖత్‌కి వెళ్ళేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్ జిరాక్స్, డిశ్చార్జ్ సమ్మరీ, టీబీ అయితే నిక్షయ్ నంబర్ తీసుకెళ్ళి జైలు మెడికల్ ఆఫీసర్‌కి ఇవ్వమని రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. బెయిల్ వచ్చిన రోజు గేటు దగ్గర మొదట అడగాల్సింది "మందులు ఇచ్చారా" అని. మర్నాడే మీ ఊరి పల్లె దవాఖానకి తీసుకెళ్ళండి. ములాఖత్‌కి ఎట్లా అప్లై చేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా. ఉంటా మరి.